ఊపిరికి నడిచే ఓడలు

మా మావయ్య దగ్గర ఆరు రకాల ఓడలున్నాయి. ఆయన జన్మలో ఓడెక్కలేదు. వైజాగ్ బీచ్‌కి తీసుకెళ్తే, కెరటాలు చూస్తేనే కడుపులో తిప్పుతోందని ఇసకలోనే కూర్చుండిపోయేడు. ఆయన ఓడలన్నీ కాగితంవి. రాయగడ పక్కన జేకేపూర్‌లో, మిల్లు కాలనీ క్వార్టర్లో, బీరువా మీద రెండు అట్టపెట్టెల్లో ఉంటాయి. నేను వైజాగ్‌లో పుట్టి పెరిగేను. మా మేడ మీంచి హార్బర్ కనిపిస్తాది. అయినా ఓడల గురించి నాకేమైనా తెలిసిందంటే ఈ కొండల్లోకి వచ్చేకే తెలిసింది.

ఇక్కడికి ఇష్టపడి రాలేదు. కొరాపుట్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని దొరికింది. మా నాన్న చెల్లెలు, అంటే మా అత్త, అదే ఊళ్లో మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో నర్సు. "అత్త ఉంది కదా, వెళ్లు" అన్నారు ఇంట్లో. మొదటి వారంలోనే ఆఫీసులో ఇద్దరితో గొడవ పెట్టుకున్నాను. రెండో వారం నుంచి నాతో ఎవరూ టీకి రావడం మానేసేరు. సాయంత్రం అయిదింటికి మంచు దిగిపోయేది, ఫోన్లో నెట్ పడుకునేది, నేను గోడకేసి చూసుకుంటూ కూర్చునేదాన్ని.

మావయ్య ఉద్యోగం జేకేపూర్ పేపర్ మిల్లులో. అందుకని అత్త శనివారం డ్యూటీ దిగేక రైలెక్కి రాయగడ వెళ్లిపోతాది, సోమవారం వచ్చేస్తాది. మూడో శనివారం నన్ను కూడా తీసుకెళ్లింది.

"ఆదివారం ఏటి చేస్తారక్కడ?" అనడిగేను రైల్లో, ఫోన్లోంచి తలెత్తకుండా.

"పొద్దున్న చర్చి. మధ్యాన్నం ఆట."

"లూడోనా?"

"దొంగలాట. సముద్రం దొంగలు. నేను కేప్టెన్ని."

అప్పుడు తలెత్తేను. అత్త చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటోంది. అయిదడుగులు కూడా ఉండదు మనిషి.

"నర్సువి కదా, ఓడలో డాక్టర్ వేషం నీదే అనుకున్నాను."

"వారమంతా రోగుల్నే సూస్తన్నాను. ఆదివారం కూడానా? పోవే. ఆదివారం నేను దొంగనే."

ఆట సంగతి కొంచెం చెప్పాలి. కొన్నేళ్ల కిందట రాయగడలో పాత కాగితాలు కొనే కబాడీ దుకాణంలో మావయ్యకి ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. సముద్రపు దొంగలుగా మారి ఆడే ఆట పుస్తకం. అందులో రాక్షస చేపలుంటాయి, మాట్లాడే దీవులుంటాయి, చచ్చిపోయినవాళ్లు నడిపే ఓడలుంటాయి. ఆడేవాళ్లు తలొక మనిషిని తయారుచేసుకుని, ఆ మనిషి మాటలు మాట్లాడాలి, ఆ మనిషి చేసే పనులు చెప్పాలి. ఒకాయన మాత్రం సముద్రం తరఫున ఉంటాడు, తుఫాను పంపేదీ శత్రువుల్ని పంపేదీ ఆయనే. అది మావయ్య. పుస్తకానికి అట్టలేదు, మధ్యలో చాలా పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. ఓడల బొమ్మలున్న పేజీలు దక్కేయి. గాలి ఎలా వీస్తాదో చెప్పే పేజీలు పోయేయి.

"గాలి పేజీ లేదని ఊరుకుంటామేటి?" అన్నాడు మావయ్య. "మన ముక్కులో లేదేటి గాలి?"

అలా పుట్టింది ఆయన పద్ధతి. ముందుగదిలో మొజాయిక్ గచ్చంతా సముద్రం. ఒక పలక ఒక ఆమడ. గచ్చు మీద క్యారమ్ బోర్డు పౌడర్ చల్లుతారు. ఓడని దాని మీద పెట్టి, చుక్కాని పట్టినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని నోటితో ఊదాలి. ఊదుతూ వెంట పాక్కుంటూ పోవచ్చు. ఊపిరి అయిపోతే ఓడ ఆగిన చోటే ఆగాలి. ఒక వంతుకి మూడు ఊపిర్లు, అంతే. ఆట అయ్యేసరికి అందరి మోకాళ్లూ తెల్లగా ఉంటాయి.

మొదటిరోజు నేను నవ్వేను. ఫోన్లో ఇలాంటి ఆటలు ఎన్ని ఆడేనో నేను. ఓడ పేరు చెబితే దాని వేగమెంత, ఫిరంగులెన్ని, గడగడా చెప్పగలను. అదే అన్నాను.

"అయితే సెప్పు," అని మావయ్య ఒక చిన్న ఓడ తీసి గచ్చు మీద పెట్టేడు. "ఇదేటి?"

"స్లూప్. ఒకటే కొయ్య. చిన్నది, వేగం ఎక్కువ."

"ఊదు."

వెనకనుంచి ఊదేను. ఉన్నచోటే ఊగింది. మావయ్య పక్కకి ఒంగి, పక్కనుంచి సన్నగా ఊదేడు. ఓడ పక్కకి పోలేదు, ముందుకి జారింది. నేను ఫోన్ పక్కన పెట్టి ఓడని తిరగేసేను. అడుగున, ఈ చివర నుంచి ఆ చివరకి, చీపురుపుల్ల అతికించి ఉంది. మూడుమూలల తెరచాప మీద పక్కగాలి పడుతోంది, పుల్ల దాన్ని పక్కకి పోనివ్వడం లేదు. ఇన్నేళ్లు స్క్రీన్ మీద 'వేగం ఎక్కువ' అని చదివేను. ఎందుకు ఎక్కువో ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు మిగతా ఓడలన్నీ తీయించేను. రెండు కొయ్యల స్కూనర్ కూడా పక్కగాలిదే, కాని స్లూప్‌లాగ చటుక్కున తిరగదు, ఆలోచించుకుని తిరుగుతాది. చైనావాళ్ల జంకు తెరచాపకి అడ్డంగా బద్దలుంటాయి, విసనకర్రలాగ ముడుచుకుంటాది. తుఫానొస్తోందని మావయ్య చెప్పగానే ఒక్క దారం లాగితే సగం తెరచాప కిందకి దిగిపోతాది. గాలియన్ ఖాకీ అట్టతో చేసింది, వెనకవైపు మేడలాగ లేచి ఉంటాది, ఒక్కరు ఊదితే కదలనైనా కదలదు. దాన్ని ముగ్గురు కలిసి ఊదాలి. అది కూడా ఒకేసారి ఊదాలి. ముందొకరు వెనకొకరు ఊదితే గింగిరాలు తిరుగుతాది.

అన్నిటికన్నా నాకు నచ్చింది దెయ్యం ఓడ. ట్రేసింగ్ కాగితంతో చేసింది, లోపల దీపం పెట్టినట్టుంటాది. ఎంత తేలికంటే, ఎవరైనా నవ్వినా కదిలిపోతాది. అందుకని అది పెట్టెలోంచి బయటికి రాగానే ఇల్లంతా నిశ్శబ్దం. ఎదురుగా మనిషిని చంపే ఓడ, మనం మాట్లాడితే మన మీదకే వస్తాది. వేల రూపాయల ఆటల్లో కూడా నాకంత భయం వెయ్యలేదు.

నాలుగో మనిషి టీచరమ్మ. పక్క క్వార్టర్, చర్చిలో పాటలు నడిపించేది ఆవిడే. గట్టిగా మాట్లాడదు, పిల్లల్ని కూడా 'అండీ' అంటాదని చెప్పుకుంటారు. ఆటలో మాత్రం ఫిరంగులన్నీ ఆవిడవి. "కాల్చేద్దామాండీ?" అనడుగుతాది చాలా మర్యాదగా. గాలియన్ నడపాల్సి వచ్చినప్పుడు చర్చిలోలాగే చెయ్యి పైకెత్తుతాది, అందరం ఊపిరి తీస్తాం, చెయ్యి దించగానే ఊదుతాం. అంత పెద్ద ఓడ నాలుగు పలకలు తిన్నగా పోతాది.

వాళ్ల సొంత ఓడ బ్రిగ్. రెండు కొయ్యలు, రెండిటికీ నలుచదరం తెరచాపలు. వెనకగాలి ఉంటేనే నడుస్తాది, గాని గాలి అందిందంటే దాన్ని పట్టేవాళ్లు లేరు. చేరిన ప్రతి దీవికీ గుర్తుగా అత్త దాని పెద్ద తెరచాప మీద పెన్నుతో చిన్న శిలువ గుర్తు వేసేది. నేనొచ్చేసరికే ఒక వరస నిండిపోయింది. నాకు చుక్కాని ఇచ్చేరు. ఆ ఆదివారం నుంచి నాకు వారానికి ఒక రోజుండేది. మిగతా ఆరు రోజులూ దానికోసం గడిచేవి. ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అంటే, ఆదివారం బ్రిగ్ ఎటు తిప్పాలా అని ఆలోచించుకుని ఊరుకునేదాన్ని.

సముద్రం మ్యాప్ కూడా మావయ్య గీసిందే. వానాకాలంలో రైల్లో కొరాపుట్ నుంచి కిందికి వస్తుంటే లోయల నిండా మంచు నిలబడి, కొండ కొసలు మాత్రం పైకి తేలి కనిపిస్తాయి. ఆయన అదే గీసేడు. కొండలన్నీ దీవులు, సొరంగాలన్నీ సముద్రపు గుహలు, గుడారి అనే ఊరు ధాన్యం ఓడలు ఆగే రేవు. ఒకసారి రైలు సొరంగంలోంచి బయటికి రాగానే అత్త నా మోచెయ్యి పొడిచి, "అదిగో, ఆ దీవి దగ్గరే కదా మనకి తిమింగలం తగిలింది" అంది. ఎదురు సీటాయన మమ్మల్నిద్దర్నీ చూసి సంచి దగ్గరకి లాక్కున్నాడు.

ఇంత బాగున్నదాన్ని నేనే పాడుచేసేను.

ఆ రోజు కథ ఇది. గుడారి రేవు బయట ఒక బండ ఉంది. వంటింట్లోంచి తెచ్చిన రుబ్బురోలు పొత్రమే ఆ బండ. ఆటలో టీచరమ్మ తయారుచేసుకున్న ఫిరంగుల మనిషి, అంటే ఆమె కాగితం బొమ్మ, ఆ బండ మీద దిగి కాపలా ఉంది. మేం బ్రిగ్‌తో వెళ్లి ఆమెని ఎక్కించుకోవాలి. మధ్యలోకి మావయ్య దెయ్యం ఓడని దించేడు. అందరూ ఊపిరి బిగపట్టేరు. నా వంతు. నెమ్మదిగా ఊదాలని తెలుసు. కాని నాకు నెమ్మదిగా ఏదీ రాదు. గట్టిగా ఊదేను. బ్రిగ్ ముక్కు గచ్చుకి కొట్టుకుని పక్కకి పడిపోయింది.

"ఓడ తిరగబడింది," అన్నాడు మావయ్య. "రెండామడలు ఎనక్కి. కొయ్య ఒకటి ఇరిగింది."

"ఒక్క తప్పుకేనా?"

"రెండోసారమ్మి. కిందటి వారం కూడా అలగే ఊదేవు."

నా దగ్గర ఒకటుంది, వారం రోజులుగా దాచుకున్నాను. ఆ పుస్తకం మొత్తం నేను ఫోన్లో వెతికి పట్టుకున్నాను. పోయిన గాలి పేజీలు కూడా. ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టేను.

"ఇదిగో చూడు. గాలికి పాచిక వెయ్యాలి. ఆరు పడితే మంచి గాలి, ఒకటి పడితే గాలి లేదు. ఊదడం గీదడం ఏమీ లేదు ఇందులో. ఇన్నాళ్లూ తప్పే ఆడుతున్నారు మీరు."

మావయ్య కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివేడు. తాపీగా చదివేడు. నాకు అదే మండింది.

"బాగుంది," అన్నాడు. "గాని మనకి ఇది అలవాటైపోనాది కదా. టీచరమ్మ గారేటంటారు?"

"ఊదితేనే బాగుంటుందండీ."

"బాగుండడం కాదు, రూలు!" అని అరిచేను. "నేను గట్టిగా ఊదుతానని మీకు తెలుసు. కావాలనే నాకు చుక్కాని ఇచ్చేరు!"

"ఓలమ్మ, ఏటా మాటలు," అంది అత్త.

నా చెయ్యి ఎప్పుడు కిందకి వెళ్లిందో నాకు తెలీదు. బ్రిగ్ నా పిడికిట్లో ఉంది. పిడికిలి తెరిచేసరికి కాగితం ఉండ అది. చీపురుపుల్లలు అరచేతిలో గుచ్చుకున్నాయి.

ఎవరూ తిట్టలేదు. తిడితే తిరిగి అరిచేదాన్ని. టీచరమ్మ పొత్రం వైపు చూస్తూ ఉంది. మావయ్య కథ చెప్పే గొంతుతోనే అన్నాడు.

"ఓడ మునిగింది. బండ మీద మనిషి మిగిలిపోయింది. ఆమె దగ్గర నీళ్లు రెండు వారాలకి సరిపోతాయి. అప్పటికి ఓడ రాకపోతే, దెయ్యం ఓడ బండని సేరుకుంటాది."

"ఇంకో ఓడ తీసుకెళ్తాం," అన్నాను. "స్లూప్ ఉంది కదా."

"అవన్నీ ఊరోళ్ల ఓడలు. మనోళ్లకి ఉన్నది ఒకటే. ముంచినోళ్లే కట్టాలి."

టీచరమ్మ లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి నాతో అంది. "రెండేళ్లున్నానండీ ఆమెతో. ఆమె పోతే నేనింకొకర్ని తయారుచేసుకోలేను. ఏమీ అనుకోకండి."

అంటే ఆమె పోతే టీచరమ్మ ఆడదు. మావయ్య సముద్రం తరఫు కదా, మిగిలిన ఇద్దరితో గాలియన్ కూడా కదలదు. ఆట అయిపోయినట్టే. నాకు ఆదివారం అయిపోయినట్టే.

మర్నాడు రైల్లో అత్త నాతో మామూలుగానే మాట్లాడింది. ఆ కాగితం ఉండ నా బ్యాగులో ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలీదు.

కొరాపుట్ వెళ్లేక నేను ఎలా చేస్తానో అలానే చేసేను. ఫోన్లో బ్రిగ్ నమూనా వెతికేను, ఆఫీసు పక్క దుకాణంలో మెరిసే మందపు కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించేను, కత్తిరించి అతికించేను. చూడ్డానికి ఎంత బాగుందంటే ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. పొద్దున్న లేచేసరికి తెరచాపలు నాలుగూ బీడీల్లాగ చుట్టుకుపోయి ఉన్నాయి. ఇంకోటి చేసేను. అదీ అంతే. మూడోది చేసేను, అది బాగానే ఉంది గాని ఊదితే నిలబడి దణ్ణం పెట్టింది. దాన్ని గోడకేసి కొట్టేను.

అత్త యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ ఇదంతా చూస్తోంది.

"మీ మావయ్యకి ఫోన్ చెయ్యొచ్చు కదే."

"ఏటని చెయ్యను?"

"నీ ఓడకి జొరమొచ్చిందని చెప్పు."

రెండు రోజులు చెయ్యలేదు. మూడోరోజు చేసేను, వీడియో కాల్. అటువైపు మిల్లు క్యాంటీన్ బయట ఉన్నాడు, వెనక లారీల హోరు. హలో కూడా అనలేదు నేను.

"ఏటి మావయ్యా, నీ ఓడలు చుట్టుకోవు, నావి చుట్టుకుంటాయి! కొరాపుట్ మంచుకి అలా అవుతున్నాయా?"

"నాలిక్కి ఆనించేవా?"

"ఏటి?"

"కాగితం. కొత్త కాగితం ముట్టుకున్నప్పుడు ముందు నాలిక్కి ఆనించాల. సిన్న ముక్క సింపి, ఒకేపు తడి సెయ్యి. ఎటు సుట్టుకుంటాదో సూడు."

చూసేను. ఫోన్‌ని గ్లాసుకి ఆనించి ఆయనకి చూపిస్తూ చేసేను. ముక్క చటుక్కున గొట్టంలాగ చుట్టుకుంది.

"ఆ గొట్టం పొడుగు ఎటుందో అదీ దాని వాటం. కాగితం మిషన్ మీద ఎటు పరిగెట్టిందో అటు దానికి బలం. అటు ఒంగదు, ఇటు ఒంగుతాది. ఓడ అడుగుకి వాటం నిలువుగా ఉండాల, అప్పుడు తిన్నగ ఉంటాది. బ్రిగ్ తెరచాపకి అడ్డంగా ఉండాల, అప్పుడు గాలికి కడుపు ఉబ్బుతాది. నువ్వు తెరచాపకి నిలువుగా పెట్టేవు. అందుకే బీడీ అయిపోనాది."

"మరి స్లూప్‌కి?"

"మూడుమూలల తెరచాపకి ఏటవాలుగా. జంకుకి ఏదైనా ఒకటే, బద్దలే మోసేస్తాయి. దెయ్యం ఓడకి వాటం సూడకూడదు."

"ఎందుకు?"

"అది ఎటు పోతాదో మనకి తెలవకూడదు కదా!"

లారీ హారన్ కొట్టింది. ఆయన నవ్వుతున్నాడు, నేనూ నవ్వుతున్నాను. ముప్ఫయ్యేళ్లుగా రీళ్ల దగ్గర నిలబడి రోజుకి ఎన్ని మైళ్ల కాగితం చూస్తున్నాడో ఈ మనిషి. ఒక్కో కాగితం ఎటు ఒంగుతాదో నాలికతో చెప్పేస్తాడు. పుస్తకం రాసినవాళ్లెవరో వాళ్లకి గాలంటే పాచిక. ఈయనకి గాలంటే కాగితం ఒంగడం. ఫోన్లో చూసిన రూలు నిజమే, ఇప్పటికీ అదే రూలు. కాని ఆ రూలు రాసినవాళ్లు ఈయన స్లూప్‌ని ఒక్కసారి ఊది ఉంటే ఆ పేజీ వాళ్లే చింపేసేవారని నాకు అనిపించింది. "సారీ" అందామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. ఈలోగా ఆయన బ్రేక్ అయిపోయింది, ఫోన్ పెట్టేసేడు.

ఆ వారం ఆఫీసులో దొరికిన ప్రతి కాగితాన్నీ నాకేను. ఎదుటి టేబులాయన ఒడియాలో ఏదో అన్నాడు, అందరూ నవ్వేరు. నేను కోప్పడలేదు. కాగితం చుట్టుకోవడం చూపించేను. ఆయన కూడా ఒకటి నాకి చూసుకున్నాడు.

అడుగు బాగా వచ్చింది, కొయ్యలు బాగా వచ్చేయి. కాని పెద్ద తెరచాప దగ్గర ఆగిపోయేను. బ్యాగులోంచి ఆ ఉండ తీసి విప్పేను. అత్త శిలువ గుర్తులు వరసగా ఉన్నాయి, నలిగిన గీతల మధ్య. ఇస్త్రీపెట్టె కింద పెట్టి సాపు చేసేను. నాలికతో చూస్తే ఎటూ చుట్టుకోలేదు. గుడ్డలాగ మెత్తగా అయిపోయింది, వాటమే పోయింది. అది తెరచాపకి మంచిదో కాదో నాకు తెలీదు. అయినా దాన్నే కత్తిరించి పెద్ద తెరచాపగా కట్టేను. ఆ గుర్తులు అందులో లేకపోతే అది మా బ్రిగ్ అవదు.

రెండు వారాల గడువులో ఆఖరి ఆదివారం, భోజనాలయ్యేక, టీచరమ్మ వచ్చింది. ఆట బట్టలు వేసుకోలేదు, అంటే ఆవిడ ఎప్పుడూ చుట్టుకునే ఎర్ర తలగుడ్డ లేదు. చాప మీద ఓ పక్కన కూర్చుంది. మావయ్య గచ్చు మీద పౌడర్ చల్లేడు. గుమ్మం దగ్గర నుంచి పొత్రం దాకా పన్నెండు పలకలు. పొత్రానికి అవతల దెయ్యం ఓడ.

నేను అట్టపెట్టె తెరిచి బ్రిగ్ దించేను. అత్త ఒంగి చూసింది, తెరచాప మీద గుర్తుల్ని వేలితో వరసగా లెక్కపెట్టింది. మావయ్య తెరచాపని రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"నలిగిందే ఏసేవు. మెత్తగుంది. గాలి నిలవదమ్మి దీంట్లో."

"తెలుసు."

"మార్సుకుంటావేటి?"

"మార్చను."

"సరే. మూడు ఊపిర్లు. తర్వాత నా వంతు. నా వంతులో దెయ్యం ఓడ బండని సేరిపోద్ది."

మోకాళ్ల మీద కూర్చున్నాను. ఫోన్ జేబులో వణికింది, తియ్యలేదు. మొదటి ఊపిరి సన్నగా వదిలేను, పాలు చల్లార్చినట్టు. బ్రిగ్ కదిలింది. చిన్న తెరచాపలు ఉబ్బేయి, పెద్దది కొంచెం ఆలస్యంగా ఉబ్బింది. మూడు పలకలు. రెండో ఊపిరికి ఇంకో మూడు. తిన్నగా పోతోంది, నా చేతుల్తో కట్టిన ఓడ తిన్నగా పోతోంది. మూడోది. ఒక్కసారి గట్టిగా ఊదేస్తే చేరిపోతాది అనిపించింది. ఆ 'ఒక్కసారి' అనేది నాకు బాగా తెలుసు. ఊదలేదు. సన్నగానే వదిలేను, చివర చుక్క దాకా. పెద్ద తెరచాప సగంలోనే వాలిపోయింది.

ఎనిమిదో పలక మీద ఆగింది. ఇంకా నాలుగు.

మావయ్య చెయ్యి దెయ్యం ఓడ వైపు వెళ్లింది. నిజంగా ఆయనకి కూడా ఇష్టం లేదు, వేళ్లు ఆగి ఆగి వెళ్తున్నాయి. కాని వంతు వంతే.

"ఆగండి," అంది టీచరమ్మ. "నా మనిషి చూస్తూ ఊరుకుంటుందాండీ? నీళ్లలోకి దూకుతుంది."

మావయ్య చెయ్యి ఆగిపోయింది. "ఈతా? నాలుగామడలు?"

"ఓడ తన కోసం వచ్చింది కదండీ. ఇంత దూరం వచ్చిన ఓడని వదిలి కూర్చుంటుందా?"

మావయ్య పుస్తకం తీసేడు. అందులో ఈత పేజీ ఉందో లేదో నాకు తెలుసు, ఆ పేజీ కూడా చిరిగిపోయింది. ఆయన తెరిచి, మూసి, పక్కన పెట్టేడు.

"ఈతంటే ఊపిరి బిగపట్టడమే. ఆమడకి పది లెక్క. నాలుగామడలకి నలభై. మజ్జిలో ఊపిరి తీస్తే మునిగిపోయినట్టే."

అత్త అప్పటికే యూనిఫారానికి పెట్టుకునే గడియారం తెచ్చేసింది. రెండో చేత్తో టీచరమ్మ మణికట్టు పట్టుకుంది, ఆస్పత్రిలో పట్టుకున్నట్టే. "మీరు ఊపిరి తీస్తే నాకు తెలిసిపోద్ది, మోసం సెయ్యడానికి లేదు" అంది.

"మోసమెందుకండీ," అని టీచరమ్మ కళ్లు మూసుకుని, పాట మొదలుపెట్టే ముందు తీసినట్టు, ఊపిరి తీసింది.

నేను బ్రిగ్ పక్కనే మోకాళ్ల మీద ఉన్నాను. ఓడకీ నా ముక్కుకీ మధ్య జానెడు దూరం. నేను గట్టిగా ఊపిరి వదిలితే ఓడ తిరగబడిపోతాది. లేస్తే పౌడర్ కదులుతాది. అవతల దెయ్యం ఓడ గాలి లేకపోయినా వణుకుతోంది. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కదలకుండా ఉండడం తప్ప. నా జన్మలో నేను చెయ్యనిది అదే.

"పది," అంది అత్త. మావయ్య ఒక వేలు టీచరమ్మ మనిషి బొమ్మ మీద పెట్టి పొత్రం మీంచి కిందకి దించి ఒక పలక జరిపేడు. ఇరవై. టీచరమ్మ మెడ నరాలు కనిపిస్తున్నాయి. నేను కూడా ఊపిరి తీసుకోవడం ఎప్పుడు మానేసేనో తెలీలేదు, కళ్లు మండుతున్నాయి. ముప్ఫై. టీచరమ్మ రెండో చేత్తో చాప అంచు పిసుకుతోంది, ముఖం ఎర్రగా అయిపోయింది. ముప్ఫై అయిదు. అత్త గొంతు మారిపోయింది, లెక్క చెప్పడం కాదు, బతిమాలడం. "ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది, వదలకండి, ముప్ఫై తొమ్మిది..."

"నలభై."

మావయ్య వేలు బొమ్మని నెట్టింది. బొమ్మ చెయ్యి బ్రిగ్‌కి తగిలింది.

టీచరమ్మ కళ్లు తెరిచింది. ఇంకా ఊపిరి వదల్లేదు. నీళ్లు నిండిన కళ్లతో ఓడని చూసింది, నన్ను చూసింది, ముఖం పూర్తిగా వంటింటి వైపు తిప్పేసుకుంది. తెరచాప మీద పడకుండా, అటు తిరిగి, అప్పుడు వదిలింది ఊపిరి.

అత్త పెన్ను మూత తీసింది.